అరువు కోటు మీది నంబరు

రండి, దగ్గరికి జరగండి. గోడ మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ఊపడం ఆపండి, పాల క్యాన్లు మోగుతున్నాయి. కబుర్లు కూడా ఇక చాలు. మొన్న చలికి మా ఆవు పొదుగులోనే జున్ను గడ్డకట్టిందని చెప్పాను, అది అబద్ధం. ఇది మాత్రం ఈ జున్ను కర్మాగారంలోనే, ఇదిగో ఈ తూకం బల్ల దగ్గరే, అందరి ఎదుటా జరిగింది.

ఎవాల్ట్ మీకు తెలిసినవాడే. గుర్రం కుంటితే దాన్ని బండెక్కించి తనే లాక్కొచ్చాడని అంటారు. అంటారేమిటి, అన్నది నేనే. అంత బలం ఉన్నవాడు ఒక కాగితం మోయలేకపోయాడు.

వాడికి నాలుగేళ్ళప్పుడు వాళ్ళు జర్మనీలోని పొమెరేనియా వదిలి అమెరికాలో ఈ విస్కాన్సిన్‌కి వచ్చారు. అన్న రైన్‌హోల్ట్‌కి అప్పుడు తొమ్మిది. రేవులో డాక్టరు కనురెప్పలు తిరగేసి చూసి, కళ్ళ జబ్బుందని ఆ పిల్లాణ్ణి ఓడ ఎక్కనివ్వలేదు. నాయనమ్మ దగ్గర వదిలారు. కళ్ళు బాగయ్యేసరికి ఆవిడ మంచం పట్టింది. ఆవిడ పోయేసరికి వాడు పొలం పనుల్లో కూరుకుపోయాడు. ఆ తర్వాత యుద్ధం. అన్న జర్మనీ చక్రవర్తి కైజరు సైన్యంలో, తమ్ముడు అమెరికా సైన్యంలో.

జర్మన్ చదవడం వచ్చని ఫ్రాన్సులో ఎవాల్ట్‌కి ఒక పని అదనంగా అప్పగించారు. చచ్చిపడ్డ జర్మన్ల భుజం పట్టీలు కోసి, వాటి మీది రెజిమెంటు నంబరు రాసి పంపాలి. ఎదురుగా ఉన్నది ఏ రెజిమెంటో ఆఫీసర్లకి అలా తెలుస్తుంది. పంతొమ్మిది వందల పద్దెనిమిది అక్టోబరులో, ఒక పిండిమర దగ్గర, తన మెషీన్‌గన్ చప్పుడు ఆగాక, ఎవాల్ట్ వెళ్ళి ఇరవై మూడు పట్టీలు కోశాడు. అన్నిటి మీదా ఒకటే నంబరు, ఐదు వందల పన్నెండు. ముఖాలు చూడలేదు. భుజాల వరకే చూడడం నేర్చుకున్నాడు.

ఇంటికొచ్చాక వంటింటి గోడ మీద అన్న ఫొటో కనిపించింది. రైన్‌హోల్ట్ పదహారులో పంపిందది. ఎవాల్ట్ కళ్ళు ముందు భుజం మీదికే పోయాయి. నాలుగు వందల తొంభై. పాస్టరు గారు జర్మన్ దళాలు ఎక్కడెక్కడ పోరాడాయో రాసిన పుస్తకం తిరగేసి, ఆ రెజిమెంటు యుద్ధమంతా రష్యాలోనే ఉందన్నారు. ఆ రాత్రి ఎవాల్ట్ నిద్రపోయాడు. రైన్‌హోల్ట్ నుంచి మాత్రం ఉత్తరం రాలేదు. వాడు పోయి ఉంటే సమాధి ఎక్కడుందో అయినా తెలపమని పాస్టరు గారు ఆ రెజిమెంటులో పనిచేసినవాళ్ళ సంఘానికి రాశారు.

జవాబు ఇరవైలో, వసంతంలో వచ్చింది. ఉత్తరాలు పాలతోపాటే ఇక్కడికి చేరేవి కదా. తల్లి ఒటీలియా తూకం బల్ల పక్కనే ఉంది. అక్షరాలు కనబడే చూపు ఆమెకి అప్పటికే పోయింది.

"చదవరా, ఎంతసేపూ?" అన్నాడు ఫ్రిట్స్కే తాత. "నా పాలు విరిగేలా ఉన్నాయి."

"నీ పాలు పొద్దునే విరిగాయిలే తాతా," అన్నాడు ఎవాల్ట్ నవ్వుతూ. కవరు చింపాడు. రెండో పంక్తి దగ్గర ఆ నవ్వు పోయింది.

రాసింది ట్రాగోట్ లెంజ్ అనే సైనికుడు. "రైన్‌హోల్ట్ మా రెజిమెంటు వాడు కాదు. ఆసుపత్రిలో నా పక్క మంచం. తన కోటు చిరిగి నెత్తురు మరకలతో ఉంది, అమ్మ అలా చూడకూడదని ఫొటో కోసం నా కోటు అడిగి వేసుకున్నాడు. వాడిది ఐదు వందల పన్నెండు. పద్దెనిమిది అక్టోబరులో ఒక పిండిమర దగ్గర పోయాడని తర్వాత తెలిసింది."

ఎవాల్ట్ కాగితం మీంచి కళ్ళు ఎత్తకుండా, చదువుతున్నట్టే చెప్పాడు. "రష్యాలోనేనమ్మా. జ్వరంతో పోయాడట. నాలుగు వందల తొంభైలో అందరూ ఏడ్చారట. చర్చి పక్కనే పూడ్చారట."

"మళ్ళీ చదువు," అంది ఒటీలియా.

"అదేనమ్మా రాసింది."

"ఆ కోటు వాడిది కాదురా."

ఎవాల్ట్ తలెత్తాడు.

"ఏటా క్రిస్మస్‌కి వాడికి చొక్కా కుట్టి పంపేదాన్ని. భుజం నుంచి మణికట్టు దాకా దారంతో కొలిచి, ముడేసి మీ నాయనమ్మ పంపేది. ఆమె పోయాక వాడే పంపాడు. ఏ ఏడు వాడి చెయ్యి ఎంత ఎదిగిందో నాకు తెలీదా? ఫొటోలో ఆ కోటు చెయ్యి నాలుగు వేళ్ళు పొడుగు. వచ్చిన రోజే చూశాను."

"మరి చెప్పలేదేమమ్మా?"

"నువ్వు నిద్రలో ఐదు వందల పన్నెండని కేకలేసేవాడివి. ఫొటోలో నంబరు రష్యాలో ఉన్నవాళ్ళదని పాస్టరు గారు చెప్పాక మానేశావు. ఇద్దరిలో ఒకడన్నా నిద్రపోనీ అనుకున్నాను." ఆమె తూకం బల్ల పట్టుకుంది. "ఇప్పుడు నంబరు చదువు."

చదివాడు. పిండిమర సంగతీ చదివాడు. కర్మాగారంలో పాలు కలిపేవాళ్ళు కూడా చేతులు ఆపేశారు.

"ముఖం చూశావా?"

"లేదమ్మా. ఎవరిదీ చూడలేదు."

"చూడాల్సిందిరా," అంది మెల్లగా. "వాడి ముఖం మనలో ఎవరైనా ఎదురుగా చూసి పంతొమ్మిదేళ్ళయింది."

ఎవాల్ట్ ఆమె చెయ్యి పట్టుకోబోయి, తన వేళ్ళు చూసుకుని ఆగిపోయాడు. ఆమే తడిమి పట్టుకుంది. అలాగే నిలబడ్డారు. క్యాన్లు ఖాళీ చెయ్యాలని ఎవరికీ తోచలేదు.

ఫ్రిట్స్కే తాతకి ఎనభై రెండు. టోపీ తీసి గుండెకి ఆనించుకుని అన్నాడు:

"అందుకే నేను ఇంతవరకూ ఫొటో దిగలేదు. దిగితే చావు నన్ను గుర్తుపట్టేస్తుంది."