పెళ్లిరోజు బాబాయి

కూతురి ఊరి విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయిలు ఆయన్ని పెళ్లిరోజు బాబాయి అని పిలుచుకునేవారు. ఎండల్లో వచ్చినా వానల్లో వచ్చినా, కూతుర్ని చూసుకుని భార్యతో తిరుగు ప్రయాణమైన ప్రతిసారీ ఆయనకు ఆరోజే పెళ్లిరోజు మరి.

"ఇవాళ మా పెళ్లిరోజమ్మా," అనేవాడు టికెట్లు అందిస్తూ, కాస్త సిగ్గుపడుతున్నట్టు మొహం పెట్టి. "ముందు సీట్లేమైనా ఖాళీగా ఉంటే చూస్తావా తల్లీ?"

"పోయినసారి కూడా పెళ్లిరోజే అన్నారు కదా బాబాయ్ గారూ!"

"అన్నానా? ఆవిడ చెవిన వెయ్యకు. తేదీ మర్చిపోయానని తెలిస్తే ఇంట్లోకి రానివ్వదు."

ఆవిడ పక్కనే నిలబడి అంతా వింటూ, చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకునేది.

విమానంలో ముందువైపు, తెర అవతలి వెడల్పాటి సీటును పైసా ఖర్చు లేకుండా సంపాదించడమే ఆయన జీవితాశయం. ఊళ్లో ఆయనది లాండ్రీ షాపు. గల్లా దగ్గర ఆయన కూర్చుంటే, లోపల ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిడ నిలబడేది. ఎవరో కస్టమరు ఉతకడానికిచ్చి, మళ్లీ మొహం చూపించని కోటు ఒకటి షాపులో ఏళ్ల తరబడి వేలాడుతుండేది. మంచి బట్టలేసుకున్నవాళ్లకే ముందు సీటిస్తారని ఎవరో చెప్పగా విని, ఆ కోటును ప్రయాణాల కోసం సొంతం చేసుకున్నాడు. భుజాలు జారిపోతుంటే ఆవిడ లోపలికి కుట్టిపెట్టింది. "కోటు బాగానే ఉంది గానీ, లోపలున్న మనిషే లాండ్రీవాడని తెలిసిపోతోంది," అని కూడా అంది.

కోటొక్కటేనా! అందరికంటే వెనకగా లైన్లో నిలబడి చూశాడు. విమానంలో అమ్మాయిలకు చాక్లెట్ డబ్బా ఇచ్చి చూశాడు. సీట్లు చాలకపోతే మేం తర్వాతి విమానానికి వెళ్తాం అని త్యాగమూర్తి వేషం కూడా వేశాడు. ఒక్క పాచికా పారలేదు. ఎప్పుడూ చివరి వరసే, బాత్రూం గోడ పక్కనే. ఆ సీటు వెనక్కి కూడా వాలదు. అక్కడ కూర్చుని, కౌంటరు దగ్గర తన ప్రతాపమంతా ఆవిడకు మళ్లీ వినిపించేవాడు. కళ్లారా చూసిందే అయినా ఆయన నోట వింటుంటే ఆవిడకు కొత్తగా ఉండేది, కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వేది. నిజం చెప్పాలంటే ఆయన ఇన్ని వేషాలు వేసేది ఆ నవ్వు కోసమే.

ఒకసారి మాత్రం కౌంటరు అమ్మాయి జాలిపడి, "ఒక్కటి ఇవ్వగలను బాబాయ్ గారూ," అంది. ఆయన ఎగిరి గంతేసినంత పనిచేసి, భార్య వైపు తిరిగాడు.

"నువ్వెళ్లు. రోజంతా నిలబడి నిలబడి కాళ్లు స్తంభాల్లా వాచిపోతున్నాయి. హాయిగా చాపుకో."

"ఒక్కటైతే నాకొద్దు," అందావిడ.

"పిచ్చిదానా, ఊరికే ఇస్తున్నారే!"

"ఇస్తే మాత్రం? తెర అవతల ఒక్కదాన్నే కూర్చుని ఎవర్ని చూసి నవ్వను? రెండిచ్చిన రోజు చెప్పండి, ఆ బాత్రూం గోడ పక్కన కాదు, మీ పక్కన చాపుకుంటాను కాళ్లు."

ఇద్దరూ వెళ్లి బాత్రూం పక్కనే కూర్చున్నారు. దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడాయన.

ఆ రెండు సీట్లూ వచ్చే రోజు రానే వచ్చింది. ఈసారి కూతురి దగ్గరికి బయల్దేరినప్పుడు, తమ ఊరి కౌంటర్లో కుర్రాడు తనంతట తానే అడిగాడు. ముందు సీట్లు రెండు మిగిలిపోయాయనీ, మామూలు ధరలో నాలుగో వంతు కడితే ఇచ్చేస్తాననీ అన్నాడు. జేబులో డబ్బుంది. పెద్ద మొత్తమేం కాదు, వారం రోజుల గల్లా కూడా కాదు. కానీ ఆయనకు పౌరుషం అడ్డొచ్చింది.

"డబ్బులు పోసి కూర్చుంటే మజా ఏముంది? వచ్చేటప్పుడు ఊరికే కొట్టేద్దాం, చూస్తూండు," అన్నాడు.

ఆవిడ విమానమెక్కాక ఆ ఖాళీ సీట్ల పక్కనుంచి నడుస్తూ ఒకదాని వీపు మీద చెయ్యి వేసి, బట్ట ఎలాంటిదో చూసింది. చివరి వరసలో కూర్చున్నాక మోకాళ్లు రుద్దుకుంటూ, "బాగా ఉతికారు," అంది. అంతే.

తిరుగు ప్రయాణం ఇంకా రెండు రోజులుందనగా, కూతురి వంటింట్లో టీ పెడుతూ పెడుతూ ఆవిడ పొయ్యి ఆపేసింది. "కాస్త నడుం వాలుస్తానే," అని కూతురితో చెప్పి మంచమెక్కింది. టీ కలిపి కూతురు లేపబోతే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

సొంత ఊరికి తీసుకెళ్లాలి. ఆవిడ ఉన్న పెట్టెను ఎక్కించుకునే విమానంలో మామూలు సీటు ఒక్కటే మిగిలింది. "నువ్వు అమ్మతో వెళ్లు నాన్నా, మేం సాయంత్రం విమానానికి వచ్చేస్తాం," అని కూతురు భోరుమంది. అల్లుడు కాగితాల పనులన్నీ చూసి, ఆయన్ని లోపలిదాకా సాగనంపాడు.

ఆయన కౌంటరు ముందుకు వెళ్లాడు. కోటు లేదు. ఒంటి మీద చొక్కా నలిగిపోయి ఉంది. ఇస్త్రీ లేని చొక్కాతో ఆయన గడప దాటడం పెళ్లయ్యాక అదే మొదలు.

ఆయన్ని చూడగానే అమ్మాయి మొహం విప్పారింది. "రండి రండి బాబాయ్ గారూ! ఇవాళ కూడా పెళ్లిరోజేనా? పిన్నిగారేరీ?"

ఆయన టికెట్టు అందించాడు.

"ఈ విమానంలోనే వస్తోందమ్మా," అన్నాడు. "పెట్టెలో."

ఆ అమ్మాయికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల వంచుకుని కంప్యూటర్లో ఏదో కొట్టింది, లేచి వెళ్లి పెద్దాఫీసరుతో ఏదో మాట్లాడి వచ్చింది. కాగితం ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు వదలకుండా పట్టుకుంది. ఆయన దాన్ని చూడకుండానే జేబులో పెట్టుకున్నాడు.

విమానం గుమ్మంలో ఎయిర్ హోస్టెస్ ఆ కాగితం చూసి, "ఇటు సార్," అని తెర ఇవతలే ఆపేసింది. మొదటి వరస. కిటికీ పక్క.

ఆయన కూర్చున్నాడు. ఎందుకిచ్చారో, ఎవరిచ్చారో తెలుస్తూనే ఉంది. అయినా కాళ్లు వాటంతటవే ముందుకు చాచుకున్నాయి. ఎంత చాపినా ఎదుటి గోడ అందలేదు. నిజంగానే అందలేదు! ఇన్నేళ్ల కష్టానికి ఫలితం దక్కింది, పైసా ఖర్చు లేకుండా, నలిగిన చొక్కాతో, నోరు తెరిచి అడగకుండా. ఈ సంగతి చెబితే ఎంత నవ్వుతుందో అనుకుంటూ పక్కకు తిరిగాడు.

పక్క సీట్లో ఎవరో పెద్దమనిషి ఫోను చూసుకుంటున్నాడు.

అప్పుడు ఏడ్చాడు. ఆవిడ పోయిన పొద్దుట్నుంచీ బిగబట్టుకున్నదంతా ఆ మెత్తటి సీట్లో కట్టలు తెంచుకుంది. వారం రోజుల గల్లా కూడా కాదే, కట్టేసి ఉంటే ఆ వాచిన కాళ్లు ఒక్కసారైనా చాపుకునేది కదా అని కుమిలిపోయాడు. ఎయిర్ హోస్టెస్ మంచినీళ్లు తెచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చుంది.

"అమ్మా, సామాను ఎక్కడ పెడతారు?" అని అడిగాడు. "సామానంటే సూట్‌కేసులు కాదు. మా ఆవిడ ఉంది."

ఆ అమ్మాయి కింద సామాను ఎక్కించేవాళ్లను అడిగి వచ్చింది. "వెనకాల పెట్టారు సార్. తోక వైపు, చివరి వరసల కింద."

ఆయన లేచి నిలబడ్డాడు. "అయితే నా సీటు అక్కడేనమ్మా."

చివరి వరస కిటికీ దగ్గర పొడుగుకాళ్ల యువకుడొకడు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ముందు సీటిస్తాను, నీ సీటు నాకిమ్మంటే వాడు నమ్మలేదు.

"ఆటపట్టిస్తున్నారా సార్? ఎంతివ్వాలి?"

"ఏమీ వద్దు నాయనా. ఎవరైనా అడిగితే పెళ్లిరోజని చెప్పు."

ఎయిర్ హోస్టెస్ తల ఊపడంతో వాడు బ్యాగు తీసుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

ఆయన బాత్రూం గోడ పక్కన సర్దుకున్నాడు. మోకాళ్లు ఎదుటి సీటుకు తగిలాయి. చెప్పులు విప్పి, పాదాలు కింద ఆనించాడు. నేల చల్లగా ఉంది. విమానం మెల్లగా కదులుతుంటే, పడిపోయిన వస్తువేదో వెతుక్కునేవాడిలా ముందుకు వంగాడు.

"ఇదిగో, వింటున్నావా?" అన్నాడు కిందికి. "ముందు సీటు ఇచ్చారే. పైసా తీసుకోలేదు. కాళ్లు చాపితే గోడ అందలేదంటే నమ్ము."

చెయ్యి నేల మీద పెట్టాడు.

"ఒక్కటే ఇచ్చారు. ఒక్కటైతే వద్దన్నావుగా. అందుకే వచ్చేశాను."