బాడీ ఎర్త్

అయినా పొగగొట్టంలో సెన్సర్ చెడితే ఒకసారి చెడుతుంది గానీ కొత్తది పెట్టిన ప్రతిసారీ చెడుతుందా, అనుకుంటూ వెంకటస్వామి వ్యాన్ ఇంజన్ మీదికి వంగాడు, చాండ్లర్ ఊరి ఎడారి ఎండకి బానెట్ రేకు చుర్రుమంటోంది, ఇరవయ్యేళ్ల బండి, వెనకసీట్లు పీకేసి పప్పు గిన్నెలూ పులిహోర ట్రేలూ సర్దుకుని ఫంక్షన్లకి తిరిగి దీంతోనే తన కాళ్ల మీద తను నిలబడ్డాడు, ఇప్పుడేమో పొగ పరీక్షలో ఫెయిల్, పాసవకపోతే రోడ్డెక్కనివ్వరు, ఇంజన్ కంప్యూటరే పోయింది బావా, స్క్రాప్‌వాడికి కాల్ చేశాను, లంచ్‌లోపు టో చేస్తాడు, మండే నుంచి మన స్టోర్‌కి వచ్చెయ్, అన్నాడు పొద్దున ఫోన్‌లో బావమరిది తేజేశ్వర్, మన స్టోరట, ఆ మన అనే మాటలో ఎంత దయ, ఏడో క్లాసులో బడి మానినవాడికి బియ్యం బస్తాలు మోసే పని ఇప్పిస్తున్నాననే దయ.

భార్య రేణు కాఫీ తెచ్చి, తమ్ముడు మన మంచికే చెప్పాడు, పంతమెందుకు అంది, పంతం కాదే అంటూనే మీటరు తీగ ఒకటి బ్యాటరీ మైనస్‌కీ రెండోది కంప్యూటర్ ఎర్త్ వైరుకీ ఆనించాడు, ఇంజన్ నడుస్తుంటే దాదాపు సున్నా చూపించాలి, చూపించలేదు, హెడ్‌లైట్లు వెయ్యి అన్నాడు, వేసింది, అంకె ఇంకా పైకి పాకింది, అంటే సెన్సర్ ఉన్నదే చెబుతోంది, కరెంటు తిరిగి వెళ్లే దారి పూడుకుపోయి కంప్యూటర్‌కి లెక్క తప్పుతోంది, పెట్రోలు తక్కువైందని పొరబడి ఎక్కువ పోసేస్తోంది, అందుకే ఇంజన్‌కి ఆ పొగా, దగ్గూ, తీగ వెంట వేళ్లు పోనిచ్చాడు, దాన్ని బండి బాడీకి బిగించిన బోల్టు కింద పచ్చటి చిలుము, గోరుతో గీకితే జిగట, కుంకుమ, కొబ్బరి పీచు, ఏటా దసరాకి, పూజ ఇంజన్‌కి కదా బావా, బయట కొడితే ఏం లాభం, అంటూ సరిగ్గా ఆ మూలనే కాయ కొట్టి నీళ్లన్నీ వంపేది ఎవరు, తేజేశ్వరే, నవ్వాగలేదు, మీ తమ్ముడి భక్తి చూడు అంటే రేణు వంగి చూసి, అయ్యో రామ, అని చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

బోల్టు విప్పి, గరుకు కాగితంతో తళతళమనేలా రుద్ది బిగించాడు, బండికి తగిలించిన స్కానర్ తెర మీద సెన్సర్ గీత కిందికీ పైకీ చేపపిల్లలా ఎగురుతోంది, ఇంజన్ గొంతు సాఫీ, వీధి మలుపులో టో ట్రక్, దాని వెనక తేజేశ్వర్ కారు, దిగి, రెడీనా బావా, అంటున్నాడు, ట్రక్ ఖాళీగా పంపించెయ్ తేజా, బండి బాగైంది, అన్నాడు, తేజేశ్వర్ ఇంజన్ చప్పుడు విన్నాడు, ట్రక్ వాడికి వెళ్లిపొమ్మని చెయ్యూపాడు, ఏళ్లుగా దాచుకున్న మాటలన్నీ వెంకటస్వామి నాలుక చివరికొచ్చాయి, ఒక్కటీ అనబుద్ధి కాలేదు, ఇతని మీద కోపం మోసినన్నాళ్లూ తను ఇతని దగ్గర కొలువు చేస్తూనే ఉన్నాడు, ఆ కొలువు ఇవాళ మానేశాడు.