రామోహపి కరెంటు

పరాయి దేశపు బంగారు గనుల్లో సగం జీవితం దుమ్ము మింగిన రామోహపి, లెసోతోలోని సొంత ఊరు చేరేసరికి ఊపిరితిత్తులు పాడైపోయాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం, అందుకని కుర్చీ దిగడు. కుర్చీ దిగడు కనుక కాళ్లు పుల్లలయ్యాయి. ఆస్పత్రి నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు రెఫిలోయె అతనికి అరచేతిలో పట్టే పెట్టె ఒకటి ఇచ్చింది. దాని తీగల చివర ఉన్న బిళ్లలను తొడలకు అంటించి మీట తిప్పితే, కరెంటు చురుక్కున పాకి కండలు వాటంతటవే బిగుసుకుంటాయని, పెద్దగా ఆయాసపడకుండానే కాళ్లకు బలం వస్తుందని చెప్పింది.

మొదటి రోజే రామోహపి చీమలబారు పాకినట్టుందని బిళ్లలు పీకేశాడు. చెప్పీ చెప్పీ భార్య మాలినియో నోరు నొచ్చింది. మిట్టమీది కుళాయి నుంచి నీళ్లు మోసి మోసి ఆమె కాళ్లూ సణుగుతున్నాయి. ఊరికే పడున్న పెట్టె ఊరించింది. మొగుడు గురకపెట్టే మధ్యాహ్నాలు వంటింట్లో కూర్చుని తన తొడలకే అంటించుకుంది. మొదట్లో కితకితలకు నవ్వాపుకోలేకపోయింది. తర్వాత అలవాటైంది.

కొన్ని వారాలకు రెఫిలోయె మళ్లీ వచ్చింది. రోజూ పెట్టుకున్నా గుణం లేదని రామోహపి తొణక్కుండా బొంకాడు. లేవమంటే సగం లేచి కూలబడ్డాడు. తొడ కొలిస్తే వీసమెత్తు పెరగలేదు. తనదే తప్పేమోనని ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. వెలుతురులో ఇంకోసారి చూద్దామంది.

మాలినియో వంగి, మొగుడితో సహా కుర్చీని ఎత్తి వాకిట్లో పెట్టింది. రొప్పలేదు కూడా.

రెఫిలోయె ఆమెను చూసింది, పెట్టెను చూసింది.

"అమ్మా, ఇది ఎవరు పెట్టుకున్నారు?"

"ఇంట్లో ఎవరో ఒకరు పెట్టుకున్నారులే తల్లీ. మందు వృథా కాలేదు."

రామోహపి నోరు తెరిచాడు. "నా కరెంటు తినేశావా?"

"మీరు వదిలేసిన కంచమే కదా."

రెఫిలోయె నవ్వు దాచుకుంటూ, పరీక్ష చెయ్యకుండా ఇంకొకరు వాడకూడదని మందలించింది. మీట మాత్రం మాలినియో చేతికే అప్పగించింది.

ఇక రోజూ బిళ్లలు ఆయన తొడలకే అంటించేది. ఆయన గొణిగితే ఆమె వేలు మీట మీదికి పోయేది. పెంచేది కాదు గానీ, ఆ వేలు చూసే ఆయన నోరు మూసుకునేవాడు. చలికాలం వెళ్లేసరికి దేన్నీ పట్టుకోకుండా లేచాడు. ఆయాసం పోలేదు. అయినా ఆగి ఆగి గేటు దాకా నడిచాడు.

ఒక సాయంత్రం చూస్తే మనిషి లేడు. మాలినియో చేతిలో పని వదిలేసి బయటికి పరుగెత్తింది. వీధంతా వెతికితే, జొన్నబీరు అమ్మే ఇంటికి గుర్తుగా కట్టిన తెల్లజెండా కింద, దుప్పటి కప్పుకుని, పాత గని నేస్తాల మధ్య డబ్బా పట్టుకుని కనిపించాడు.

"ఇంత దూరం ఎలా వచ్చారు?"

"నువ్వెక్కించిన కరెంటే తోసుకొచ్చింది."

తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ ఇంటి బయట ఆ మనిషి నవ్వుతుండగా చూసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. పక్కకు జరగమని బెంచీ మీద కూర్చుని, తనకూ ఒక డబ్బా పొయ్యమంది.