నవ్వు వేయని చోట

"నవ్వులు అతికించే పనికి కూడా అలసటేనా?" నడుం పట్టేసిందని ఆమె అన్నందుకు భర్త వేసిన ప్రశ్న అది. అప్పటికామె అతని క్యారియర్ సర్ది మూత బిగిస్తోంది. "ఊరందరినీ నవ్విస్తుందట! మనింట్లో మాత్రం మొహం గంటు పెట్టుకునే తిరుగుతుంది," అని అత్తగారు అందుకుంది.

కిటికీ లేని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, టీవీ హాస్య ధారావాహికలో పాత్రలు మాట ఆపిన చోటల్లా, కంప్యూటర్లో దాచిన నవ్వుల్లోంచి ఒకటి తీసి చేర్చడం ఆమె ఉద్యోగం. చిరునవ్వుకో సవ్వడి, పగలబడి నవ్వడానికో హోరు. ధారావాహికలో ఇద్దరు స్నేహితురాళ్లు. ఒకామెకు మనసు స్థిమితంగా ఉండదు. సాయంత్రం ప్రసారమయ్యే భాగంలో ఆ స్నేహితురాలు తన చెప్పులు రెండో ఆమె చేతిలో పెట్టింది. "ఇవి దాచెయ్యవే. చెప్పుల్లేకపోతే వంతెన దాకా నడవలేను కదా!"

నవ్వు వేయబోతున్న ఆమె వేళ్లు మీట మీదే ఆగిపోయాయి. అది గువ్వ మాట. బడిలో తనతో ఒకే బల్ల మీద కూర్చుని పెరిగిన గువ్వ, చచ్చిపోవాలనిపించిన మధ్యాహ్నం పరుగున వచ్చి, ఆమె ఒళ్లో చెప్పులు పెట్టి అన్న మాట. దాన్ని బయటపెట్టింది ఎవరో కాదు, తానే. మూడేళ్లుగా టీ గదిలో తనవైపు ఒక్క తలైనా తిరగలేదు. ఈ మాట చెప్పి అందరినీ నవ్వించిన రోజు మాత్రం దర్శకుడు కుర్చీ లాగి మరీ కూర్చోమన్నాడు. ఆ కుర్చీ కోసం గువ్వను అరిటాకులా పరిచేసింది. ఇప్పుడు మానసిక ఆస్పత్రి వార్డులో ఉన్న గువ్వ రోజూ ఏడింటికి టీవీ ముందు చేరి, "చివర్లో పేరు పడుతుంది చూడండి, అది మా పిల్లే!" అని అందరికీ చూపిస్తుందని మొన్ననే నర్సు చెప్పింది.

ఆమె నవ్వు వేయలేదు. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది.

దర్శకుడు విని హెడ్‌ఫోన్లు తీశాడు. "అబ్బ! ఆ నిశ్శబ్దం గుండె పిండేసిందండీ. అలాగే ఉంచేయండి. మీలోనూ సరుకుంది సుమా!"

ఆమె లేచి నిలబడింది. నవ్వినా గువ్వే సరుకు, నవ్వకున్నా గువ్వే సరుకు. సంచీ తీసుకుని బయటపడింది. "అమ్మకి మాత్రలెవరిస్తారు?" అని ఫోన్లో భర్త, ఆలస్యమవుతుందని ఆమె చెప్పగానే.

"మీరివ్వండి."

ఏడింటికింకా పది నిమిషాలుండగా వార్డులో గువ్వ ముందు కూర్చుంది. "గువ్వా, నీ చెప్పుల సంగతి ఇవాళ టీవీలో వస్తుంది. మా ఆఫీసులో చెప్పింది నేనే."

గువ్వ తన ఉత్త పాదాలకేసి చూసుకుంది.

"నవ్వారా?"

"నవ్వారు."

"ఎవరు ముందు నవ్వారే?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"నేనే."