ఎర్రమట్టిలో బుడగలు

1976 ఆగస్టులో రేడియోలో ఆ వార్త విన్నప్పటినుంచీ చిలకమ్మకు కాలు నిలవలేదు. విశాఖలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆమె వృక్షశాస్త్రం చెబుతుంది. అంగారకుడిమీద దిగిన వైకింగ్ యంత్రం అక్కడి మట్టిలో పోషకాలు కలిపిన నీళ్లు పోస్తే, మట్టిలోంచి వాయువు వచ్చిందట.

"అక్కడ ప్రాణం ఉంది!" అని మర్నాడే క్లాసులో చెప్పేసింది. శనివారం కాలేజీ అంతటికీ దాని గురించి మాట్లాడమంది ప్రిన్సిపాల్ రామలక్ష్మమ్మ.

ఈలోగా పేపర్లో ఇంకో వార్త. ఆ మట్టిలో జీవపదార్థం జాడే కనబడలేదని మరో పరికరం చెప్పిందట. ఆ వాయువు మట్టిలోని పెరాక్సైడులాంటి రసాయనాల పనేమోనని కొందరి అనుమానం.

చిలకమ్మకు అన్నం సహించలేదు. అంగారకుడి మట్టి ఎరుపు ఇనుముదే. భర్త సన్యాసిరాజు పోర్టులో ఇనుప ఖనిజం ఎత్తే క్రేను నడుపుతాడు.

"బావా, గుప్పెడు ఖనిజం దుమ్ము తెస్తావా?"

"నా సొక్కా దులుపు, కావలసినంత రాల్తాది. దాంతోటి ఏటి సేత్తావ్?"

"సంపుతాను."

"మట్టిని సంపుతావా?" అని నవ్వాడు.

ఆ దుమ్మును కిరసనాయిలు స్టవ్వు మీద మూకుట్లో పెట్టి, ఏ సూక్ష్మజీవీ బతకనంతగా మాడ్చింది. చల్లారాక చెవిలో వేసుకునే హైడ్రోజన్ పెరాక్సైడు నాలుగు చుక్కలు వేసింది. సన్నగా బుడగలు లేచాయి. చిలకమ్మ మూకుడు భర్త ముందుకు జరిపింది.

"ఇందులో పురుగన్నది లేదు బావా. అయినా ఊపిరి ఒదుల్తంది సూడు."

"అయితే అక్కడా ఇంతేనేటి?"

"అదే తేలట్లేదు."

శనివారం హాల్లో అదే చేసి చూపించింది. బుడగలు చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. మాడ్చిన మట్టని చెప్పగానే చప్పబడిపోయారు.

"అయితే అంగారకుడిమీద ఏమీ లేనట్టేగా మేడమ్?" అంది వెనకనుంచి కాంతం.

"లేదని కూడా చెప్పలేనమ్మా."

"ఏదో ఒకటి తేల్చి చెప్పండి చిలకమ్మగారూ," అని ప్రిన్సిపాల్ విసుక్కుంది. తేల్చలేక చిలకమ్మ వేదిక దిగిపోయింది.

కాంతం, మరో ఇద్దరు ఆమె వెంటే ల్యాబుకొచ్చారు. ప్రాణం పనేదో, రసాయనం పనేదో చెప్పే పరీక్ష ఎలా పెట్టాలి? ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు దాంట్లో తప్పు పట్టారు. అటెండరు తాళాలు పట్టుకొచ్చేసరికి బోర్డు నిండిపోయింది. జవాబు మాత్రం దొరకలేదు.

బస్సులోనూ అదే ఆలోచన. దిగాల్సిన స్టాపు దాటిపోయాక గానీ చిలకమ్మకు తెలియలేదు.