కాలని క్లచ్ ప్లేట్లు

బాణం అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు. ఎర్రదీపం పచ్చబడగానే, పక్కవాళ్ళు ఇంకా గేరు వెతుక్కుంటూ ఉండగానే, అతని బండి గీత దాటిపోయేది. అందుకే ఆ పేరు వచ్చింది. నాలుగు వందల మీటర్ల పందెం మొదటి ఇరవై మీటర్లలోనే తేలిపోతుందనీ, ఆ ఇరవై మీటర్లూ క్లచ్ పట్టే ఎడమచేతి వేళ్ళలోనే ఉంటాయనీ అతను అనేవాడు. ఇప్పుడా ఎడమచెయ్యి భుజం నుంచి తడిబట్టలా వేలాడుతోంది. ఒక పందెం గెలిచాక, బండి ఆపుకునే చోట, ఎవరి ఇంజిన్ నుంచో కారిన ఆయిల్ మీద జారి పడ్డాడు. నరాలు తెగాయన్నారు. చెయ్యి ఉంటుంది, పని చెయ్యదన్నారు.

ఇంటికి వచ్చాక అయిదు నెలలు అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. అడిగితే "ఊఁ" అనేవాడు, లేదా "ఊహూఁ" అనేవాడు. భార్య ముందుగదిలో స్కూలు యూనిఫారాలు కుట్టేది. మిషను ఆపినప్పుడల్లా లోపలినుంచి ఏమైనా వినపడుతుందేమోనని చెవి అటు వేసి ఉంచేది.

"చేతికి కట్టు కట్టేటప్పుడు పొరపాటున నోటికి కూడా కట్టేశారేమో, ఓసారి విప్పి చూడవే" అనేవారు అత్తగారు. అలా అనేసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేవారు.

బండి వెనకవరండాలో పాత దుప్పటి కింద ఉండేది. వారానికోసారి స్టార్ట్ చెయ్యకపోతే బ్యాటరీ చచ్చిపోతుందని వర్క్‌షాపు కుర్రాళ్ళు చెప్పారు. ఆమెకి గేర్ల బండి నడపడం మామూలుగా వచ్చు. ఒకరోజు దాన్ని స్టార్ట్ చేసి, కింద ఊడవడానికి రెండడుగులు ముందుకు జరుపుదామని గేరు వేసి క్లచ్ వదిలింది. బండి గుర్రంలా ఎగిరి, వరండా స్తంభానికి జానెడు దూరంలో ఆగిపోయింది.

"క్లచ్ అలా ఎవరైనా వదిలేస్తారా? అదేమన్నా పిల్లి తోకా!" అని లోపలినుంచి కేక వినపడింది.

ఆమె హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడైంది. అయిదు నెలల తర్వాత ఆ ఇంట్లో వినపడిన మొదటి నిండు వాక్యం అది.

"ఇంకోసారి వదలవే" అన్నారు అత్తగారు కిటికీలోంచి, గుసగుసగా.

ఆమె ఇంకోసారి వదిలింది. ఈసారి అతను గడప దాకా వచ్చాడు.

*

ఊరి చివర, మూతపడిన గిడ్డంగుల వెనక ఒక తిన్నటి రోడ్డుంది. తెల్లవారాక లారీలు మొదలయ్యేలోపు ఓ గంటసేపు అక్కడ మనిషి ఉండడు. రోజూ అక్కడిదాకా ఆమె బండి నడిపేది, అతను వెనక కూర్చుని కుడిచెయ్యి ఆమె భుజం మీద వేసేవాడు. బట్టలమీద గీసే సుద్దతో ఆమె రోడ్డుకి అడ్డంగా రెండు గీతలు గీసేది. ఒకటి బయలుదేరే చోట, ఇంకొకటి ఇరవై మీటర్ల దూరంలో.

"రెండు వేళ్ళు చాలు. చెయ్యంతా పెట్టి పిండకు. ఛాతీ ట్యాంకుకి ఆనించు. ముందు రేజ్ చెయ్యి, ఇంజిన్ గొంతు ఒకచోట నిలబెట్టు. ఇప్పుడు క్లచ్ లివర్ ఇవ్వు. వదలడం కాదు, ఇవ్వడం! అప్పిచ్చిన వాడిలా కొంచెం కొంచెం ఇవ్వు. ప్లేట్లు పట్టుకునే చోటు ఒకటుంటుంది. అక్కడ ఆగి, గొంతు పడకుండా, లేవకుండా మిగతాది జారవిడు."

మొదటి వారం బండి ఇరవైసార్లు ఆగిపోయింది. రెండో వారం ముందుచక్రం గాల్లోకి లేచి ఆమె కేక పెట్టింది.

"అరిస్తే దిగదు. రేజ్ తగ్గించకు, క్లచ్ వెంట్రుకవాసి లాగు. అరవడానికి ఇంట్లో మా అమ్మ ఉంది."

మూడో వారానికి ఆమె భయపడి క్లచ్‌ని ఎక్కువసేపు జార్చడం మొదలుపెట్టింది. ఇంజిన్ ఏడ్చేది, బండి మూలిగేది, కాలిన వాసన వచ్చేది. నెల తిరిగేసరికి అతను ఇంజిన్ కుడివైపు మూత విప్పించి, ప్లేట్లు బయటికి తీసి చూపించాడు. ఇనుప ప్లేట్లమీద నీలం మచ్చలు, నెమలిమెడ రంగులో. "నీలం కనిపిస్తోందా? కాలిన మచ్చ. ఇది నీ చేతిపనే. మొత్తం సెట్టు పోయింది" అన్నాడు. అతను తిట్టలేదు, నవ్వాడు కూడా. కానీ ఆమెకి ఆ పూటంతా ముద్ద దిగలేదు. ఒకసారి తప్పుగా కత్తెర పడితే గుడ్డ మళ్ళీ గుడ్డ కాదు. అలాంటి పని మళ్ళీ చెయ్యకూడదనుకుంది. కొత్త సెట్టు వేశారు.

"వరసగా అయిదు సరిగ్గా వెళ్ళు. నీ పేరు పందెంలో రాయించేస్తాను. ఇక నీకు నేను అక్కర్లేదు" అన్నాడతను.

ఆ చివరిమాట అతను సరదాకే అన్నాడు.

ఒక ఉదయం ఆ పట్టు వచ్చేసింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మందపాటి కుట్టు సూది కిందికి వచ్చినప్పుడు పాదం పెడల్ని నొక్కదు, ఎత్తదు, అక్కడే ఉంటుంది. అలాగే రెండు వేళ్ళు లివర్ మీద ఊరికే ఉన్నాయి, బండి కింద రోడ్డు మెత్తగా వెనక్కి పోయింది. ముందుచక్రం నేలని రాసుకుంటూ వెళ్ళింది. రెండోదీ అంతే. మూడోసారి అతను "సరే" అన్నాడు. నాలుగోసారి ఏమీ అనలేదు. ముందుచక్రం చూడాలంటే ఇరవై మీటర్ల గీత దగ్గరే నిలబడాలి కాబట్టి అతను అక్కడే ఉండేవాడు. ఆమె బండి తిప్పుకుని వస్తూ చూసింది. అతను ఆమెని చూడటం లేదు. గిడ్డంగి గోడని చూస్తున్నాడు. ఇంట్లో అయిదు నెలలు గోడని ఎలా చూశాడో అలాగే.

అయిదోసారి ఆమె గజం దూరం సరిగ్గా ఇచ్చి, అక్కడ లివర్ పూర్తిగా లాగేసింది. ఇంజిన్ కేకలు పెట్టింది. బండి దొర్లుకుంటూ అతని ముందు నుంచి పోయింది.

"అయ్యో అయ్యో! మళ్ళీ జార్చేశావు! నాలుగు బంగారంలా చేసి..." అతను కుడిచెయ్యి ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. మొహంలో రంగు తిరిగింది. ఇంటిదాకా వెనకసీటులో కూర్చుని ఆమె చెవిలో చెబుతూనే ఉన్నాడు.

లివర్ పూర్తిగా లాగితే ప్లేట్లు విడిపోతాయి. ఒకదాన్నొకటి రాసుకోవు, కాలవు. దూరంగా నిలబడ్డవాడికి మాత్రం అంతా ఒకటే చప్పుడు.

*

"ఇవాళ ఎన్ని మాటలన్నాడే?" అని అత్తగారు వాకిట్లోనే అడిగేవారు.

"లెక్కపెట్టలేదు అత్తయ్యా. చాలా అన్నారు."

"మొద్దు అన్నాడా?"

"రెండుసార్లు."

"నా తండ్రే" అని ఆవిడ కళ్ళు తుడుచుకునేవారు. కోడలు కావాలనే తప్పు చేస్తోందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. యాభై ఏళ్ళు సంసారం చేసిన మనిషి, కోడలి మొహం చూస్తే చాలు. ఒకసారి మాత్రం తల దువ్వుతూ, "ఎన్నాళ్ళు సాగుతుందే ఇది?" అన్నారు. దువ్వెన కాసేపు ఆగి, మళ్ళీ కదిలింది.

ఏడు వారాలు సాగింది. బాణం గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. పాత నోటుపుస్తకం తీసి, ఆమె వెళ్ళిన ప్రతిసారీ ఎక్కడ తప్పిందో కుడిచేత్తో రాసుకునేవాడు. ఒకటి రెండుసార్లు రోడ్డుమీద గాలి పీల్చి, "వాసన రావడం లేదే" అన్నాడు. "గాలి అటు ఉంది" అంది ఆమె.

ఒక మధ్యాహ్నం అతను ఒక అట్టపెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"దొరికింది! తప్పు నీది కాదు. ఇన్ని వారాలు కాల్చాం కదా, ప్లేట్లు కాగితంలా అయిపోయి ఉంటాయి. నాలుగు వెళ్ళేసరికి వేడెక్కి అయిదోదానికి పట్టు తప్పుతోంది. పాపం నిన్ను ఎన్ని తిట్లు తిట్టాను. రా, మూత పట్టుకో, మార్చేద్దాం."

ఆమె చేతిలోని గుడ్డ మిషను మీదికి లాక్కుంది. "ఇప్పుడా? యూనిఫారాలు సాయంత్రానికి ఇవ్వాలండీ."

"పావుగంట పని."

"రేపు చూద్దాం."

"ఏమిటే నీ రేపు? అయిదోది వద్దా నీకు?"

బండిని ఎడమవైపు స్టాండు మీద ఒరిగించారు. అతను కుడిచేత్తో పానా తిప్పుతుంటే ఆమె మూత పట్టుకుంది. స్ప్రింగుల బోల్టులు ఒక్కొక్కటే ఊడి పేపరు మీద పడ్డాయి. అతను మొదటి ఇనుప ప్లేటు తీసి, పాతగుడ్డతో ఆయిల్ తుడిచి, వెలుగుకి పెట్టాడు. రెండోది తీశాడు. మూడోది. అన్నీ తీసి వరసగా పరిచాడు. ఒక్కదాని మీదా మచ్చ లేదు. వెండికంచాల్లా ఉన్నాయి.

అతను వాటిని ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"నీలం లేదు" అన్నాడు.

ఆమె మూతని రెండు చేతులతో పట్టుకునే ఉంది. పట్టుకోవలసిన పని లేదు.

"అయిదోది వచ్చినప్పుడల్లా లివర్ పూర్తిగా లాగేశావు."

ఆమె మూతని పేపరు మీద పెట్టింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడు వారాలు."

"దాన్నేం అనకురా! నేనే చెప్పాను" అన్నారు గడపలోంచి అత్తగారు.

"నీకు క్లచ్ గురించి ఏం తెలుసమ్మా చెప్పడానికి?" అతని గొంతు పెరగలేదు. "లోపలికి వెళ్ళు."

ఆవిడ వెళ్ళలేదు. తలుపు పక్కకి జరిగి, కనపడకుండా నిలబడ్డారు.

"ఏడు వారాలు అక్కడ నిలబడి గొంతు చించుకున్నాను. పుస్తకంలో రాసుకున్నాను. రాత్రుళ్ళు నిద్ర మానుకుని ఆలోచించాను, ఈ పిల్లకి ఎలా చెబితే అర్థమవుతుందా అని. జాలేసిందా?"

"జాలి కాదండీ."

"మరి?"

"మీరు మాట్లాడుతున్నారు" అంది ఆమె. "అయిదూ అయిపోతే మళ్ళీ గోడవైపు తిరుగుతారని."

అతను ఒక ప్లేటు ఎత్తి బొటనవేలితో రాశాడు. "నిజంగానే కాల్చి ఉండాల్సింది. నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"మంచి ప్లేట్లు. చేతులు రాలేదు."

అతను నవ్వాడు. ఆ నవ్వు ఆమె మళ్ళీ వినకూడదనుకుంది. "మోసంలో కూడా పొదుపే" అన్నాడు.

పాత ప్లేట్లే మళ్ళీ ఒక్కొక్కటిగా లోపల పెట్టాడు. కొత్తవాటి అట్టపెట్టె తెరవనే లేదు. చివరి బోల్టు బిగిస్తూ, ఆమెవైపు చూడకుండా అన్నాడు. "రేపు అయిదూ చెయ్యి."

"చెయ్యను."

"నాకోసం. నేనెలా వెళ్ళేవాణ్ణో నేనెప్పుడూ చూళ్ళేదు. బండి మీద ఉన్నవాడికి కనపడదు కదా."

*

మర్నాడు పొద్దున గిడ్డంగుల వెనక మంచు ఇంకా విడలేదు. అతను ఇరవై మీటర్ల గీత దగ్గర నిలబడ్డాడు. ఆమె ఇంజిన్ గొంతు నిలబెట్టింది, ఇచ్చింది, వెళ్ళింది. తిరిగి వచ్చి మళ్ళీ వెళ్ళింది. మూడోసారి కళ్ళు మసకబారాయి కానీ వేళ్ళకి కళ్ళతో పని లేదు. నాలుగోసారి వెళుతూ ఓరకంట చూసింది. అతని కుడిచేతి వేళ్ళు రెండు గాల్లో ముడుచుకుని, మెల్లగా తెరుచుకుంటున్నాయి, ఆమె వేళ్ళతోపాటు. ఎడమది కదల్లేదు.

అయిదోదాన్ని పాడుచెయ్యాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. లివర్ ఇంకొక్క అంగుళం లాగితే చాలు. కానీ అతను అక్కడ నిలబడి తనని తాను చూసుకుంటున్నాడు. ఆమె పాడుచెయ్యలేకపోయింది. బండి గీత దగ్గర్నుంచి విడిపోయిన తీరుకి గిడ్డంగి చూరు మీది పావురాలు లేచాయి.

ఆమె తిప్పుకుని వచ్చి అతని దగ్గర ఆపి, హెల్మెట్ తీసింది.

"నేనూ ఇలాగే వెళ్ళేవాణ్ణా?"

"ఇంతకంటే బాగా వెళ్ళేవాళ్ళు."

"అబద్ధం" అన్నాడు మెల్లగా. "ఇలాగైతే నేను ఎప్పుడూ వెళ్ళలేదు."

"ఇంకేమైనా చెప్పండి. మోచెయ్యి కొంచెం బయటికి పోయింది కదా?"

"పోలేదు."

"మూడోసారి ముందుచక్రం ఊగింది."

"ఊగలేదు. చెప్పడానికేం లేదు. నువ్వు పద, నేను నడిచొస్తాను."

"అంతదూరమా! ఎక్కండి."

అతను అప్పటికే నడక మొదలుపెట్టాడు, ఊగుతున్న ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని. ఆమె బండిని అతని పక్కకి తెచ్చి, మనిషి అడుగుకి సరిపోయేలా నడపసాగింది. అంత పెద్ద ఇంజిన్ అంత మెల్లగా నడవదు. సగం పట్టిన క్లచ్ మీదే నడిపించాలి. ఆమె రేజ్ పెంచింది, లివర్‌ని సగంలో ఉంచింది. లోపల ప్లేట్లు ఒకదాన్నొకటి రాసుకోవడం వేళ్ళకి తెలుస్తోంది. ఇంకా పెంచింది. ఒక గిడ్డంగి దాటింది, రెండోదీ దాటింది. కాలిన వాసన లేచి ఇద్దరి మధ్యా నిలిచింది. ఏడు వారాల్లో ఆమె దాచిన నీలమంతా ఆ కొద్దిదూరంలోనే అక్కడ దిగుతోందని ఆమెకి తెలుసు.

తిట్టండి, అనుకుంది. మొద్దు అనండి.

వాసన అతనికీ తగిలింది. ముక్కుపుటాలు కదిలాయి. తల సగం ఇటు తిరిగి ఆగింది. మళ్ళీ ముందుకి తిప్పుకుని, అడుగు తప్పకుండా నడిచాడు.