ఎర్రగీత దాటిన ముల్లు

"పొడి మరీ మెత్తగా ఆడితే నీళ్లు దిగవు, పాపం, దానికి ఊపిరాడదు," అన్నాడు భర్త, కాఫీ మిషన్ ముందు నడుం వంచి దాని ప్రెషర్ ముల్లు చూస్తూ. ముల్లు తొమ్మిది మీద నిలిస్తే ఆయన మొహం చేటంత అవుతుంది. పది దాటితే ఇల్లంతా గప్‌చుప్. పది దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత కూడా పెట్టాడు. పాలిష్ ఆమెది. అడగలేదు.

సవతి మట్టిబొమ్మయినా ఓర్వలేమంటారు. ఇది స్టీలుది, పైగా పొద్దున్నే బుసలు. దాని గొంతులో ఇసుమంత తేడా వచ్చినా పేపర్ పడేసి పరిగెత్తుకొస్తాడు. వారంగా తల తిరుగుతోందని ఆమె చెబితే, "ఎండలో తిరిగావేమో," అన్నాడు ముల్లు మీంచి చూపు తిప్పకుండా. "కాపురమన్నాక ఆ మాత్రం ఉండదూ," అని అత్తగారు వంత పాడింది. పిప్పి పారేసేదీ, ట్రే కడిగేదీ మాత్రం ఆమే. మిషన్‌ని చూసి కుళ్లుకోవడమేమిటని సిగ్గేసేది. అయినా కుళ్లు ఆగేది కాదు.

ఆమె క్లినిక్‌లో నర్సు. రోజుకి నలభైమందికి బీపీ చూసే మనిషి, తనది చూసుకున్నది మొన్ననే. డాక్టరమ్మ కోప్పడి, పాత ముల్లు మీటరొకటి ఇంటికిచ్చి పంపింది. నూట అరవై దగ్గర ఆమె కూడా అదే పాలిష్‌తో గీత పెట్టుకుంది.

ఇవాళ ఆమెకి సెలవు. మిషన్‌లో కడిగే పౌడర్ వేసి నడపమనీ, ముల్లు కనిపెట్టి ఉండమనీ చెప్పి ఆయన ఆఫీసుకెళ్లాడు. మిషన్ ఆన్ చేసి, పక్కనే కూర్చుని ఆమె తన చేతికి పట్టీ చుట్టుకుంది. గాలి వదులుతుంటే, గుండె చప్పుడు వినిపించేసరికి మీటర్ ముల్లు ఇంకా గీతకి పైనే ఉంది. స్టెత్ చెవుల్లోంచి తీస్తుండగా ఫోన్ మోగింది.

"ముల్లు ఎక్కడుంది?"

"గీత దాటింది," అంది, తన మీటర్నే చూస్తూ.

"అయ్యయ్యో! వెంటనే ఆపెయ్! చల్లబడేదాకా ఏ పనీ చేయించకు. నేను సెలవు పెట్టి వచ్చేస్తున్నా!"

ఆ గొంతు వణికింది. పన్నెండేళ్లలో తన కోసం ఒక్కసారీ వణకలేదు. వెంటనే సరిదిద్దబుద్ధి కాలేదామెకి. ఎవరికో రాసిన ఉత్తరం చదువుకున్నట్టు, కాసేపు అలాగే వింది.

"మిషన్‌ది కాదండీ. నా బీపీ."

"అమ్మయ్య!" అన్నాడాయన. "ఎంత భయపెట్టావే!"

ఆమె ఫోన్ పెట్టేసింది. మిషన్ ఆపింది. స్టవ్ మీద కుక్కర్ కూడా ఆపింది.

"ఏమ్మా, వంట ఎందాకా వచ్చింది?" హాల్లోంచి అత్తగారు.

"ముల్లు గీత దాటింది అత్తయ్యా. చల్లబడేదాకా ఏ పనీ చేయించకూడదట. మీ అబ్బాయే చెప్పారు," అని పడగ్గది తలుపేసుకుంది.